సొరకాయ మాంసం, ఆలివ్ ఎముక

మా ఆసుపత్రిలో ముర్హఫ్ పని మాంసం లేకుండా మాంసం వండటం. జ్వరంతో పడుకున్నవాడికి మాంసం పెట్టకూడదని హకీములు అంటారు. పడుకున్నవాడేమో మాంసం లేకపోతే గిన్నె ముట్టనంటాడు. ముర్హఫ్ వీళ్ళిద్దరి మధ్య గరిటె పట్టుకుని నిలబడి ఇద్దరి మాటా నెగ్గిస్తాడు. హకీం మాట కడుపులో నెగ్గుతుంది, రోగి మాట నాలుక మీద నెగ్గుతుంది.

ఈ వంటలను మా హమా ఊళ్ళో దొంగ కూరలంటారు. అది తిట్టు కాదు, వాటి పేరే అది. పాత వైద్యులు కూడా తమ గ్రంథాల్లో వాటిని దాదాపు అలాగే పిలిచి, ఏ జ్వరానికి ఏ దొంగ కూర మంచిదో వివరంగా రాసిపెట్టారు. అయితే వాటికి రుచి ఉండాలని మాత్రం ఎవరూ రాయలేదు. ఆ లోటును ముర్హఫ్ పూడ్చాడు.

నా మందుల గది వంటశాల పక్కనే ఉంటుంది. మధ్యలో ఒక కిటికీ ఉంది. ఇటు నేను పానకాలు కాస్తుంటాను, నిద్ర మందు తూస్తుంటాను. అటు ఆయన సొరకాయలు కోస్తుంటాడు. మా ఇంట్లో చంటివాడికి పళ్ళు వస్తున్నాయి. వాడు చాప అంచు దగ్గర్నుంచి నా చెప్పు దాకా దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు. ఆ దిగులంతా ఆ కిటికీలోంచి ముర్హఫ్‌కు చెప్పుకునేవాణ్ణి. "నోట్లో పెట్టుకున్నవాళ్ళంతా పోతే ఈ ఊళ్ళో పెద్దవాళ్ళెవరూ మిగలరు నాయనా," అని ఆయన తన పని తాను చేసుకునేవాడు. ఆయన గురించి నాకు తెలిసినదంతా ఆ కిటికీలోంచి తెలిసిందే.

ముర్హఫ్ తండ్రి నది ఒడ్డున, పెద్ద నీటి చక్రం పగలూ రాత్రీ మూలిగే చోట, ఉడికించిన గొర్రె తలకాయలు అమ్మేవాడు. ఒక ఏడాది గొర్రెలకు తెగులు వచ్చింది. తలకాయలు దొరక్క ఆయన ముసలి మేకల తలలను గొర్రె తలల మధ్య కలిపి అమ్మాడు. అప్పటి బజారు అధికారి పట్టుకున్నాడు. నెత్తిన గజ్జెల టోపీ పెట్టి, గాడిద మీద తోక వైపు మొహం తిప్పి కూర్చోబెట్టి, ముందు దండోరావాణ్ణి నడిపించి ఊరంతా తిప్పించాడు. హమాలో అలా గాడిద ఎక్కిన వంటవాడు మళ్ళీ పదిమందికి వండకూడదు. ఆయన అంగడి మూతపడింది. తలకాయలు కొట్టే ఆలివ్ మొద్దును ఇంటికి తెచ్చుకుంటే, ముర్హఫ్ తల్లి దాన్ని పీటగా వాడుకుంది. చాలా ఏళ్ళ వరకు వీధిలో ముర్హఫ్ కనబడితే చాలు, ఎవరో ఒకరు మేకలా అరిచేవారు. గాడిద మీద ఉన్నది తండ్రి అయినా గజ్జెల చప్పుడు మాత్రం కొడుకు చెవుల్లో ఉండిపోయింది.

వయసులో ఉండగా మూటలు మోసి బతికాడు. ఒక వేసవిలో జ్వరం వస్తే మోసుకొచ్చి మా ఆసుపత్రిలో పడేశారు. పథ్యం కింద పుల్లటి సొరకాయ కూర పెట్టారు. ఒంట్లో ఓపిక లేకపోయినా ఆ కూరను తిట్టడానికి మాత్రం ఆయనకు ఓపిక వచ్చింది. గది గదంతా వినబడేలా తిట్టాడు. హకీం బద్రాన్ అప్పుడు కుర్రవాడు, కోపం ఎక్కువ. అంత తెలిసినవాడివైతే లేచి నువ్వే వండమన్నాడు. ముర్హఫ్ నిజంగానే దుప్పటి కప్పుకుని లేచి పొయ్యి దగ్గరకు వెళ్ళాడు. ఇక అక్కణ్ణుంచి ఇంటికి వెళ్ళింది పడుకోవడానికే.

మొదట్లో ఆయన కూర కూడా అంత గొప్పగా ఏమీ ఉండేది కాదట. రోగి ఒకాయన గిన్నె విసిరితే నుదుటికి తగిలిందని ఆ మచ్చ ఇప్పటికీ చూపిస్తాడు. అప్పుడు పక్క సందులో ఉండే మర్తా అనే క్రైస్తవ వితంతువు దగ్గరకు బుట్టెడు నేరేడు రంగు రేగుపళ్ళు పట్టుకుని వెళ్ళాడు. పెద్ద ఉపవాసాల రోజుల్లో వాళ్ళ ఇళ్ళల్లో మాంసం ముట్టరు. అయినా ఆ ఇంటి వాసనకు సందులో నడిచేవాళ్ళు ఆగి మరీ పీల్చేవారు.

"మీరు ఒక్క పూట మాంసం మానితే ముఖాలు వేలాడేస్తారు," అందట మర్తా. "మేం వారాల తరబడి మానేసి లావెక్కుతాం. కూర్చో, కత్తి తీసుకో."

సొరకాయను మందంగా కోసి, ఉప్పు రాసి, రాయి కింద పెట్టి నీరంతా పిండాలి. తర్వాత ఎండలో వాడ్చి, బాదం నూనెలో ఎర్రగా వేయించాలి. అప్పుడు దానికి పంటికి అడ్డుపడే గుణం వస్తుంది. బాదం పప్పు నూరి, కాస్త గంజి కలిపి ముద్ద కడితే గొర్రె తోక కొవ్వులా వణుకుతుంది. దానిమ్మ పాకం, ధనియాలు, దాల్చినచెక్క వేస్తే మిగతా పని అవి చూసుకుంటాయి. ఇదంతా మర్తా నేర్పిందే. ఎముకల సంగతి మాత్రం ముర్హఫ్ సొంత ఆలోచన. ఎముక లేని కూర ముందు కూర్చున్న మనిషి కళ్ళు గిన్నెలో ఏదో వెతుకుతుంటాయని ఆయన గమనించాడు. ఒకరోజు ఇంటికి వెళ్ళి, తల్లిని లేపి పక్కన కూర్చోబెట్టి, తండ్రి మొద్దును చీల్చాడు. ఆ ఆలివ్ చెక్కతో పక్కటెముకలు, కాలి ఎముకలు చెక్కి నున్నగా రుద్దాడు. కూరలో ఉడికీ ఉడికీ వాటికి నిజం ఎముక రంగే వచ్చింది. ఏళ్ళ తరబడి ఎందరో రోగులు వాటిని ఇష్టంగా చప్పరించారు. ప్రతి పూటా వాటిని సిర్కాలో, అంటే పులిసిన ద్రాక్షరసంలో, మరిగించాలని నేను వచ్చాకే నియమం పెట్టాను. ముర్హఫ్ నన్ను వింతగా చూశాడు కానీ మరిగించాడు.

అయితే మోసం మోసంగా ఉండిపోకూడదన్నది ఆయన పట్టుదల. తండ్రి గాడిద ఎక్కింది మేక తల వండినందుకు కాదు, అది మేక అని చెప్పనందుకని ఆయన లెక్క. అందుకే రోగి ఇంటికి వెళ్ళే రోజున ముర్హఫ్ ఒక చెక్క ఎముక తెచ్చి అతని చేతిలో పెట్టేవాడు. ఇన్నాళ్ళు చప్పరించావు కదా, ఇప్పుడు చూసుకో అనేవాడు. మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి, అర్థమయ్యాక నవ్వేవాడు. హకీం బద్రాన్ ఆ నవ్వు కోసం గుమ్మంలో నిలబడేవాడు. నాడి ఎలా ఉన్నా సరే, ఆ ఎముక చూసి నవ్వినవాణ్ణే ఇంటికి పంపేవాడు. నవ్వకుండా కోపం తెచ్చుకుంటే పైత్యం ఇంకా దిగలేదని మళ్ళీ పడుకోబెట్టేవాడు. ఈ పరీక్ష ఏ గ్రంథంలోనూ లేదని నేనొకసారి అంటే, గ్రంథాలు రాసినవాళ్ళకు ముర్హఫ్ దొరకలేదులే అన్నాడు.

ఒక్క మనిషికి మాత్రం ఆ ఎముకను చూపించలేదు. అసలు తంటా అక్కడే వచ్చింది.

ఆ మనిషి ఇప్పటి బజారు అధికారి ముఫర్రిజ్. తూకపు రాళ్ళకు ముద్ర వేయించేదీ, పాలలో నీళ్ళు పట్టేదీ, మోసగాళ్ళకు గజ్జెల టోపీ పెట్టేదీ ఆయనే. వాటన్నిటికంటే ఆయన నాలుకకు పేరు ఎక్కువ. ఒక్క ముక్క నమిలి అది గొర్రెదో మేకదో, ఎంత వయసుదో, ఏ దిక్కున మేసిందో చెప్పేవాడు. ఆయన నమలడం మొదలుపెడితే మాంసం కాల్చేవాళ్ళు ఊపిరి బిగబట్టేవారు. ఊరి అంగళ్ళన్నీ రుచి చూసీ చూసీ కాబోలు, ఆ ఏడు ఆయనకు కాలేయం వాచి, చలిజ్వరం పట్టుకుంది.

హకీం బద్రాన్ చూసి, జ్వరం వదిలేదాకా మాంసం వాసన కూడా తగలకూడదన్నాడు. అయితే ఇంటికి పోతానన్నాడు ముఫర్రిజ్. ఇంట్లో ఆయన తల్లి ఉంది. కొడుకు పాలిపోతే గొర్రెపిల్లను కోసే రకం. ఆమె చేతికి చిక్కితే వారంలో జనాజా లేస్తుందని హకీముకు తెలుసు. ఆయన నేరుగా వంటశాలకు వచ్చాడు.

ముర్హఫ్ గరిటె కింద పెట్టేశాడు. చెప్పి పెడితే ముఫర్రిజ్ తినడు. చెప్పకుండా పెట్టి, తర్వాత తెలిస్తే గాడిద సిద్ధంగా ఉంటుంది. "మా ఇంట్లో ఒకరు ఎక్కింది చాలు హకీం గారూ," అన్నాడు.

"నేను వండమన్నానని చెప్పు," అన్నాడు హకీం.

"గాడిద అవన్నీ వినదు."

అయినా వండాడు. పక్కనున్న గదిలో మనిషి చచ్చిపోతుంటే వండకుండా ఉండటం ఆయనకు చేతకాదు. పైగా ఊళ్ళోకెల్లా గొప్ప నాలుకకు తన సొరకాయ ఎలా ఉంటుందోనని ఏ మూలో ఆశ ఉండే ఉంటుంది. ఆ సంగతి ఒప్పుకోడు గానీ, ఆ రోజు దానిమ్మ పాకం మామూలుగా నేను చేసింది వాడకుండా దగ్గరుండి కాచుకున్నాడు.

గిన్నె ముఫర్రిజ్ ముందు పెట్టడం నా మందుల గది గుమ్మంలోంచి చూశాను. గదిలో ఉన్నవాళ్ళంతా పాత రోగులు, ఇంటికి వెళ్ళేవాళ్ళ చేతుల్లో ఎముకను చూసీ చూసీ అది ఏ కూరో వాళ్ళకు తెలిసిపోయింది. వాళ్ళ గిన్నెల్లోనూ అదే ఉంది. ముఫర్రిజ్ ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. కిటికీ అవతల ముర్హఫ్ పెదవులు కదులుతున్నాయి. ఏం చదువుకుంటున్నాడో నేను అడగలేదు.

"ఏడాది లోపు గొర్రెపిల్ల," అన్నాడు ముఫర్రిజ్ కళ్ళు తెరవకుండానే. "మగది. సలమియా వైపు మేసింది. అక్కడి గడ్డిలో కాస్త చేదు ఉంటుంది, అది తెలుస్తోంది."

నీళ్ళజబ్బుతో ఒళ్ళు ఉబ్బిన ముసలాయన దుప్పటి ముసుగు తన్నేశాడు. దుప్పటి చాలాసేపు ఎగిరెగిరి పడింది. ఇంకొకాయన దగ్గు వచ్చిందని గోడ వైపు తిరిగాడు. ముఫర్రిజ్ చెక్క పక్కటెముకను పట్టుకుని, మూలుగ కోసం గట్టిగా పీల్చాడు. మూలుగ తక్కువే గానీ రుచి ఉందన్నాడు.

ఆ రోజు నుంచి పూట పూటకూ తీర్పులు వచ్చాయి. ఒక రోజు గొర్రె నది ఒడ్డున మేసింది, ఇంకో రోజు కొండ మీద. ఒకసారి ఇది కవలల్లో రెండోది అన్నాడు. ఆ గదిలో వాళ్ళు భోజనం వేళ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. నేను నమ్మకంగా చెప్పగలిగింది ఒక్కటే: ముఫర్రిజ్ ఉన్నన్నాళ్ళూ ఆ గదికి నేను పంపిన నిద్ర మందు సగం కూడా ఖర్చు కాలేదు.

జ్వరం దిగింది. కళ్ళల్లో పసుపు పోయింది. వెళ్ళే రోజు వచ్చేసరికి హకీం బద్రాన్ ఊళ్ళో లేడు, ఎవరికో జబ్బు చేసిందని హిమ్స్ నుంచి కబురొస్తే వెళ్ళాడు. ముర్హఫ్ చెక్క ఎముకను నడుం గుడ్డలో చుట్టుకుని గది గుమ్మం దాకా వెళ్ళాడు, తిరిగి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. హకీం వచ్చాక ఇద్దరం కలిసి చెబుతాంలే అన్నాడు నాతో. రోగులు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు.

అంతలో ముఫర్రిజ్ తన నౌకరును పిలిచి, గిన్నెలో ఎముకలు మూటగట్టమన్నాడు. ఇంట్లో ఆయన వేటకుక్క ఇన్ని రోజులూ బెంగపెట్టుకుందట. ఇంత మంచి గొర్రె ఎముకలు దానికి పెట్టాలట.

ముర్హఫ్ పరుగున వచ్చాడు. "అయ్యా, ఎముకలు బయటికి ఇవ్వకూడదు. ధర్మాదాయం సొత్తు."

"ఎముకలా?"

"గిన్నెలు, చాపలు, ఎముకలు. అన్నీ ధర్మాదాయంవే."

ముఫర్రిజ్ ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాడు. అంత జబ్బులోంచి లేచినా ఆయనలోని అధికారి చక్కగా కోలుకున్నాడు. "అంటే వీటిని వెనక గుమ్మంలోంచి జిగురు కాసేవాళ్ళకు అమ్ముకుంటున్నావన్నమాట," అన్నాడు. మూట నౌకరు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ముర్హఫ్ ఇంటికి వెళ్ళలేదు. పొయ్యి ముందు కూర్చుని, కుక్క నిజంగా దేన్నయినా కొరుకుతుందా, ఆకలేస్తే చెక్క కూడా కొరుకుతుందా అని నన్ను అడిగాడు. నాకు కుక్కల వైద్యం తెలియదన్నాను. చెక్క నమిలితే పళ్ళు విరుగుతాయేమో అని మాత్రం అన్నాను. అంటూనే మా చంటివాడు గుర్తొచ్చాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆ వేటకుక్క ఎముకను వాసన చూసి, యజమాని ముఖం వైపు చూసి, వెళ్ళి గోడ నీడలో పడుకుందట. ముఫర్రిజ్ ఎముకను చేతిలోకి తీసుకున్నాడు. గోటితో గీకాడు. కత్తితో చీల్చాడు. లోపల చెక్క గీతలు కనిపించాయి.

తెల్లారి పొద్దెక్కేసరికి మా వంటశాల వాకిట్లో గాడిద ఉంది. దాని మీద గజ్జెల టోపీ ఉంది. పక్కన దండోరా దాఘిర్ డప్పు బిగించుకుంటున్నాడు. అంతకుముందే ఎవరో కబురు చేశారేమో, ముర్హఫ్ భార్య సుతైత కూడా వచ్చేసింది. ఆమె ఏడవలేదు. చంకలో ఒక దిండు ఉంది.

"ఏమయ్యా," అంది మొగుడితో, "నడుంనొప్పి మనిషివి. ఉత్త గాడిద మీద ఊరంతా తిరిగితే రాత్రికి నన్ను తొక్కమంటావు. ఇది వేసుకుని కూర్చో."

ముర్హఫ్ దిండు అందుకున్నాడు. గరిటెను గోడకు తగిలించి, నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి మడతపెట్టి దాని పక్కనే పెట్టాడు. రోగుల్లో నడవగలిగినవాళ్ళు నడిచి వచ్చారు, నడవలేనివాళ్ళు కిటికీలు పట్టుకుని వేలాడుతున్నారు. ముఫర్రిజ్ కోపంతో ఎర్రగా ఉన్నాడు. టోపీ పెట్టమన్నాడు.

దాఘిర్ పెద్దమనిషి, పని పద్ధతిగా చేసేవాడు. ఎక్కేవాడి నేరం ఏమిటో ప్రతి మలుపు దగ్గరా పూర్తిగా చెప్పాలన్నది దండోరా నియమం. సగం చెబితే జనం మిగతా సగం సొంతంగా కల్పించుకుంటారు. అందుకే ఆయన బయలుదేరే ముందు ఒకసారి పాఠం అప్పజెప్పుకుంటాడు.

"హమా జనులారా, వినండి," అని మొదలుపెట్టాడు. "ఈ ముర్హఫ్ అనే వంటవాడు సొరకాయను మాంసమని అమ్మాడు." ఆగాడు. "అయ్యగారూ, ఎంతకు అమ్మాడు?"

"అమ్మలేదు," అన్నాడు ముఫర్రిజ్. "ఇక్కడ తిండి ఊరికే పెడతారు."

"అయితే అమ్మాడని అనకూడదు. పెట్టాడు అంటాను. సొరకాయను మాంసమని పెట్టాడు. ఎవరికి?"

"రోగికి."

"ఏ రోగికి అయ్యగారూ? పేరు చెప్పకపోతే నాకే పెట్టాడనుకుంటారు. నేను పోయిన ఏడు ఇక్కడ పడుకున్న సంగతి అందరికీ తెలుసు. మా అత్తగారికీ తెలుసు."

ముఫర్రిజ్ గడ్డం దువ్వుకున్నాడు. దాఘిర్ దాన్ని ఒప్పుకోలుగా తీసుకుని గొంతు సవరించుకున్నాడు. "ఈ ముర్హఫ్ అనే వంటవాడు మన బజారు అధికారి ముఫర్రిజ్ గారికి సొరకాయ పెట్టాడు. ఆయన తిని..." మళ్ళీ ఆగాడు. "తిని ఏమన్నారు?"

"ఏడాది లోపు గొర్రెపిల్ల," అన్నాడు నీళ్ళజబ్బు ముసలాయన కిటికీలోంచి.

"సలమియా వైపు మేసింది," అన్నాడు ఇంకొకాయన.

"కవలల్లో రెండోది, అది వేరే రోజు," అని మూడోవాడు సరిదిద్దాడు.

దాఘిర్ వేళ్ళు మడుచుకుంటూ వరస గుర్తుపెట్టుకున్నాడు. "సొరకాయను తిని, ఏడాది లోపు గొర్రెపిల్ల అన్నారు. సలమియా వైపు మేసిందన్నారు. సరేనా ముర్హఫన్నా, ఇంకేమైనా ఉందా?"

ముర్హఫ్ నెత్తిన టోపీ అప్పటికే ఉంది. తల తిప్పితే గజ్జెలు మోగాయి. ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడి, చిన్నగా అన్నాడు. "ఒట్టి సొరకాయ కాదన్నా. బాదం కూడా ఉంది. చెప్పేదేదో పూర్తిగా చెప్పు, లేకపోతే అదీ దాచినట్టే అవుతుంది."

"బాదం కూడా," అనుకున్నాడు దాఘిర్. డప్పు మీద ఒక దెబ్బ వేసి చూసుకున్నాడు. "ముందు మాంసం కాల్చేవాళ్ళ వీధిలోంచి వెళ్దామా అయ్యగారూ? అక్కడైతే జనం ఎక్కువ."

మాంసం కాల్చేవాళ్ళ వీధి పేరు వినగానే ముఫర్రిజ్ ముఖంలో రంగు మారింది. ఆ వీధిలో ఆయన నాలుకకు వణకని మనిషి లేడు. ఆయన వాకిలంతా ఒకసారి చూశాడు. కిటికీల్లో తలలు చూశాడు. తర్వాత వంటశాలలోకి వచ్చి పిండి డబ్బా మీద కూర్చున్నాడు. టోపీ గజ్జెలు మోగకుండా మెడ బిగబట్టుకుని ముర్హఫ్ వెనకే వచ్చాడు.

"ఎంతమందికి తెలుసు?" అన్నాడు ముఫర్రిజ్.

"గదిలో వాళ్ళందరికీ అయ్యా. చివరి మంచం తాతకు తెలియదు, ఆయనకు చెవుడు." ముర్హఫ్ ఆలోచించాడు. "కానీ ఆయన తిన్నాడు కదా, తెలిసే ఉంటుంది."

ముఫర్రిజ్ చేతిలో చీల్చిన ఎముక ఇంకా ఉంది. దాన్ని ముర్హఫ్ చూశాడు. చాలా రోజులుగా దిగమింగుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"వెళ్ళే రోజే చెప్పాల్సింది అయ్యా. అందరికీ ఎముక చేతిలో పెట్టి చెబుతాను. మీకు చెప్పడానికి భయమేసింది. ఆ ఒక్కటీ నా తప్పు. వండినందుకు మాత్రం తప్పొప్పుకోను. మాంసం తినుంటే మీరు ఇప్పుడు ఈ డబ్బా మీద కూర్చుని ఉండరు."

"చెప్పి ఉంటే ఏం చేసేవాణ్ణి?"

"నవ్వేవారు. నవ్వితేనే హకీం గారు ఇంటికి పంపుతారు. నవ్వకపోతే మళ్ళీ పడుకోబెడతారు."

అప్పుడే వాకిట్లో ఏదో కరకరమని నమిలే చప్పుడైంది. అందరం తిరిగి చూశాం. ఎవరూ పట్టించుకోకపోవడంతో గాడిద గోడ పక్కన ఆరబెట్టిన సొరకాయ ముక్కల చాప మీదికి తల వంచి, కళ్ళు సగం మూసుకుని, నిదానంగా నమలుతోంది. ఆ ముఖంలో ఒక తీర్పు చెప్పబోయే గాంభీర్యం ఉంది. నాకే కాదు, చూసిన ప్రతివాడికీ ఎవరు గుర్తొచ్చారో ప్రతివాడికీ తెలుసు. ముఫర్రిజ్ కూడా చూశాడు. ఆయన గడ్డం ముందు వణికింది, తర్వాత భుజాలు, తర్వాత పిండి డబ్బా.

"ఎక్కడ మేసిందో అదే చెప్పాలి ఇక," అన్నాడు ఆయన కళ్ళు తుడుచుకుంటూ.

ముర్హఫ్ ఆయన వైపు హకీం బద్రాన్ చూసినట్టే చూశాడు. "ఇప్పుడు ఇంటికి వెళ్ళచ్చు అయ్యా," అన్నాడు. "నయమైంది."

వెళ్ళలేదు. ముందు ఒక గిన్నె కూర తెమ్మన్నాడు. గాడిద వదిలిన ముక్కలతో ముర్హఫ్ అప్పటికప్పుడు వండాడు. గరిటె గోడ మీద నుంచి తీసినప్పుడు సుతైత చూసి, దిండును తనే కింద వేసుకుని కూర్చుంది. ముఫర్రిజ్ తెలిసి తెలిసి, ముక్క ముక్కకూ తల ఊపుతూ గిన్నె ఖాళీ చేశాడు. అధికారి అన్నాక ఏదో ఒకటి అనాలి కాబట్టి ఉప్పు తగ్గిందన్నాడు. టోపీ తీసేయమని కూడా చెప్పాడు. దాఘిర్‌కు మాత్రం పాఠం వృథా అయిందని బాధ కలిగింది. డప్పు విప్పుకుంటూ, మంచి దండోరా, ఎప్పుడైనా పనికొస్తుంది అన్నాడు.

అయితే అధికారి ఇంతటితో ఊరుకుంటే అధికారి ఎలా అవుతాడు? వారం తిరక్కుండా తూకపు రాళ్ళకు ముద్రలు వేసే మనిషి ఇనుప ముద్ర, కొలిమి పట్టుకుని మా వంటశాలకు వచ్చాడు. బజారు అధికారి ఉత్తర్వు ప్రకారం ఈ ఆసుపత్రిలో ప్రతి చెక్క ఎముకకూ ముద్ర ఉండాలట. ముద్ర లేని చెక్క ఎముకను ఎవరైనా కూరలో వేస్తే అది నేరమట. ముర్హఫ్ ఎముకలన్నీ వరసగా పేర్చి ఇచ్చాడు. ఒక్కొక్కదాని మీదా ఎర్రటి ఇనుము ఆనుతుంటే పాత ఆలివ్ చెక్క వాసన లేచింది. మా నాన్న మొద్దుకు ప్రభుత్వం ముద్ర పడింది చూశావా అన్నాడు నాతో. పరాచకంగానే అన్నాడు కానీ చాలాసేపు ఆ ఎముకలను అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు.

ఊరికి తెలియకుండా ఉంటుందా? ఆసుపత్రిలోంచి మనుషులు ఇంటికి వెళుతూనే ఉంటారు. ముఫర్రిజ్ కూరగాయల బజారులోంచి వెళ్ళేటప్పుడు ఎవరో ఒకరు "సలమియా వైపు మేసిన లేత సొరకాయలు" అని కేక వేస్తారు. ఆయన వినబడనట్టు నడుస్తాడు. మాంసం కాల్చేవాళ్ళ దగ్గర మాత్రం ఇప్పుడు ముక్క నమిలాక పూర్వం కంటే చాలాసేపు ఆలోచిస్తున్నాడట. ఒక్కోసారి ఎముక చూపించమంటున్నాడట. ముర్హఫ్‌ను చూసి మేకలా అరిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. ఇప్పుడు కొందరు గాడిదలా ఓండ్ర పెడతారు, కానీ అది ముర్హఫ్ కోసం కాదు.

పోయిన వారం మా ఆవిడ చంటివాణ్ణి ఎత్తుకుని కిటికీ దగ్గరకు వచ్చింది. రాత్రంతా చిగుళ్ళ నొప్పితో ఏడ్చాడు. నిద్రకు గసగసాలు పట్టొద్దని నేనంటే, మరేం చేయాలని ఆమె అంటుంది. ముర్హఫ్ ఒక కాలి ఎముక తీసి కిటికీలోంచి అందించాడు. నేను దాన్ని సిర్కాలో మరిగించాను, నీళ్ళలో మరిగించాను, పగుళ్ళేమైనా ఉన్నాయేమోనని వెలుతురులో తిప్పి చూశాను, మళ్ళీ నీళ్ళలో మరిగించాను. ముద్ర వేసిన సరుకును నమ్మని మందులవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానన్నాడు ముర్హఫ్.

వాడు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ముద్ర ఉన్న వైపే నోట్లో పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, నిదానంగా నమలడం మొదలుపెట్టాడు. ఏడుపు ఆగింది. ముర్హఫ్ గరిటె పట్టుకుని కిటికీ మీదికి వంగి, వాడి ముఖంలోకి చూస్తూ తీర్పు కోసం ఎదురుచూస్తున్నాడు.